అమ్మ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు

ప్రశ్న:

అక్కా, నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇప్పుడు రాయగడలో ఉంటున్నాను. మా అమ్మ మొన్న పుష్యమాసంలో కాలం చేసింది. వయసు ఎంతని అడిగితే చెప్పలేను. ఆధార్ కార్డులో 1933 జనవరి 1 అని ఉంది. ఆవిడ మాత్రం "నాను యువ నామ సంవత్సరంలో పుట్టానే" అనేది. టెక్కలి ఆడపడుచు, పర్లాకిమిడి కోడలు. నలుగురు పిల్లల్నీ ఏడుగురు మనవల్నీ పెంచింది. నాన్నగారు పోయాక ముప్ఫై ఏళ్లు ఇల్లు ఆవిడే నడిపింది.

సంవత్సరీకానికి అన్నయ్య చిన్న పుస్తకం వేయిద్దామంటున్నాడు. "బ్యాంకులో చేసిందానివి, రాయడం వచ్చు, అమ్మ గురించి నాలుగు ముక్కలు నువ్వే రాయి" అని నా మీద పెట్టాడు. మూడు నెలల నుంచి కూర్చుంటున్నాను. "మమతల మూర్తి, త్యాగమయి" అని రాయడం, కొట్టేయడం. అమ్మ ఉద్యోగం చెయ్యలేదు, సంఘసేవ చెయ్యలేదు. వండింది, వడ్డించింది, పెంచింది. అందులో రాయడానికి ఏముంది? కళ్లు మూసుకుంటే చివరి రెండేళ్లే కనబడుతున్నాయి. నన్నే గుర్తుపట్టక "ఎవరింటి పిల్లవమ్మా? అన్నం తిన్నావేటి?" అని అడిగేది. ఆ సంగతీ, అమ్మకి కోపం ఎక్కువన్న సంగతీ రాయొద్దంటాడు అన్నయ్య. మనవలకి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఒడియా, ఇంగ్లీషే చదువుతారు. ఎవరు చదువుతారని రాయాలి?

టెక్కలిలో మా పిన్ని ఒక్కతే మిగిలింది. ఆవిడకీ పెద్ద వయసే.

ఇంకో చిన్న సంగతి. ట్రంకుపెట్టెలో అమ్మ రాసుకున్న పాల లెక్కల పుస్తకాలు పదో పన్నెండో ఉన్నాయి. చెదలు పడుతుందని పారేస్తామంటున్నారు. ఆవిడ కొమ్ము దువ్వెన ఒకటుంది. రెండు పళ్లు విరిగాయి, వెంట్రుకలు దానికి అలాగే చుట్టుకుని ఉన్నాయి. పోయినవాళ్ల జుట్టు ఇంట్లో ఉంచకూడదని వదిన అంటోంది. ఏం చెయ్యమంటారు?

— ఒక కూతురు, రాయగడ

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట్లో మీ అమ్మగారు నాకు అక్కడక్కడే కనబడ్డారు. చివర్న "ఇంకో చిన్న సంగతి" అన్నారు చూడండి, అక్కడికి వచ్చేసరికి మనిషి ఎదురుగా నిలబడ్డట్టయింది. అందుకని ముందు ఒక్కమాట. ఆ పాల లెక్కల పుస్తకాలు పారేయనివ్వకండి. ఇవాళే అన్నయ్యగారికి ఫోన్ చేసి చెప్పండి. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

రాయడానికి ఏముందని అడిగారు. ఆవిడే రాసిపెట్టి వెళ్లారు కదమ్మా. ఒక పుస్తకం తీసి ముందు వేసుకోండి. పాలు పెరిగిన నెల ఎక్కడుందో చూడండి. ఆ నెల ఇంటికి పసిబిడ్డ వచ్చి ఉంటుంది, లేదా పురిటికి ఆడపిల్ల వచ్చి ఉంటుంది. పాలు సగానికి పడిపోయిన నెల చూడండి. ఆ నెల ఇంట్లో డబ్బుకి కటకట. ఆ సగంలో ఎవరి గ్లాసు ఆగిపోయి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు, పిల్లలది మాత్రం ఆగి ఉండదు. సేర్లు పోయి లీటర్లు ఎక్కడ మొదలయ్యాయి, పాలవాడి పేరు ఎప్పుడు మారింది, ఒడియా పేర్లని ఆవిడ తెలుగు అక్షరాల్లో ఎలా పలికించారు, అన్నీ చూడండి. అంచుల్లో ఏదైనా రాసుకున్నారేమో వెతకండి. మా ఇళ్లలో ఆడవాళ్లు పాల లెక్క పక్కనే చాకలి పద్దు రాసేవారు, చీటీ డబ్బు రాసేవారు, ఒక్కోసారి ఎవరికో జ్వరమని కూడా రాసేవారు. డైరీ రాసుకునే తీరిక వాళ్లకెక్కడిది? ఆ పద్దుల పుస్తకమే వాళ్ల డైరీ.

నా సంగతి ఒకటి చెబుతాను. మాది బరంపురం. మా అమ్మ పోయినప్పుడు కార్డు మీద "ఆదర్శ గృహిణి, అనురాగమూర్తి" అని వేయించాం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ రెండు మాటలు మా వీధిలో ఏ అమ్మ మీదైనా వేయొచ్చు. పన్నెండేళ్ల తర్వాత మా మనవరాలు ఫోటో చేత్తో పట్టుకుని, "ఈవిడ నవ్వితే ఎలా ఉండేది మామ్మా?" అంది. ఫోటోలో అమ్మ నవ్వట్లేదు, ఆ రోజుల్లో ఫోటోకి ఎవరూ నవ్వేవారు కాదు. నేను చెప్పబోయి ఆగిపోయాను. తర్వాత మెల్లగా గుర్తొచ్చింది. ముందుపన్ను ఊడినప్పటి నుంచి అమ్మ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. ఇది కార్డు మీద లేదు, ఎక్కడా లేదు. మేడమీద పాత చీర పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెడుతూ అమ్మ ఒక పాట కూనిరాగం తీసేది. ఆ పాట మాటలు పోయాయి. మా చెల్లికి రెండు మాటలు గుర్తున్నాయి, నాకు అవీ లేవు. ఆ వెలితి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మీకు అలా కాకూడదనే ఇంత రాస్తున్నాను.

కాబట్టి "త్యాగమయి" కొట్టేయడం మంచి పనే. దాని బదులు ఆవిడ ఏం చేసేవారో, ఏ చేత్తో చేసేవారో, అప్పుడు నోట ఏ మాట ఉండేదో అది రాయండి. చద్దన్నంలో ఉల్లిపాయ ఎలా నలిపేవారు? మనవడు పరీక్షకి వెళ్తుంటే ఎదురొచ్చేవారా, లోపల దాక్కునేవారా? ఊరెళ్తున్న వాళ్ల చేతిలో నోటు మడిచి పెట్టి వేళ్లు ఎలా మూసేవారు? ఆవిడ త్యాగం దాని మటుకు అదే బయటపడుతుంది, పేరు పెట్టి పిలవక్కర్లేదు.

ఇక పుట్టినరోజు. అందులో ఆవిడ మాటే నమ్మండి. ఆ తరంలో చాలామందికి కార్డుల్లో జనవరి 1 అనే పడింది. యువ నామ సంవత్సరమంటే 1935 ఉగాది నుంచి 1936 ఉగాది దాకా. అంటే మీ అమ్మగారు తొంభైకి దగ్గరగా వచ్చి వెళ్లారు. నెల కూడా కావాలంటే పిన్నిగారిని అడగండి. "ఏ నెల" అంటే చెప్పలేకపోవచ్చు. "వానాకాలమా, కోతలా, మామిడికాయల రోజులా" అనండి, చెబుతారు.

ఆ యువ సంవత్సరంలో ఇంకో విశేషం ఉంది, పిల్లలకి తప్పక చెప్పండి. అప్పటికి ఒడిశా రాష్ట్రం ఇంకా రాలేదు. అది వచ్చింది 1936 ఏప్రిల్ 1న. మీ అమ్మగారు పుట్టేనాటికి టెక్కలి, పర్లాకిమిడి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లావే. ఊయలలో ఉండగానే గీత గీశారు. టెక్కలి విశాఖపట్నం జిల్లాలోకి పోయింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. పర్లాకిమిడి గంజాం జిల్లాతో ఒడిశాకి వచ్చింది. అంటే ఆవిడ గంజాం జిల్లాలో పుట్టి, పుట్టిల్లు ఆ జిల్లా నుంచి తప్పుకున్నాక, పెళ్లి చేసుకుని మళ్లీ గంజాం జిల్లాకే వచ్చారు! 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా విడదీశాక, అదే వంటింట్లో అదే పొయ్యి ముందు కూర్చుని ఇంకో జిల్లా మనిషయ్యారు. ఉత్తరం మీద అడ్రసు ఎన్నిసార్లు మారిందో, ఆవిడ మాట్లాడిన తెలుగు మారలేదు. "నాను" అనే అన్నారు చివరి దాకా. మీ ఉత్తరంలో ఆ ఒక్క అక్షరాన్ని మీరు దిద్దకుండా ఉంచారు, అది నాకు ఎంతో నచ్చింది.

పుస్తకంలో కూడా అలాగే ఉంచండి. "ఏటి", "ఎల్లొస్తాను", ఆవిడ ఎలా అంటే అలా. ప్రెస్సువాళ్లు దిద్దుతామంటారు, ఒప్పుకోకండి. జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో బడిపంతులుగా చేరింది మీ ఊళ్లోనే. ఒడిశా విడిపోయిన 1936లో ఆయన రాజమండ్రి వెళ్లిపోయేదాకా పర్లాకిమిడే ఆయన ఊరు. ఆ ఊరి కోడలి మాటని ఆ ఊరి పుస్తకంలో దిద్దడమేమిటి?

మిగతా తేదీలు కూడా ఇలాగే పట్టుకోవచ్చు. పెద్దవాళ్లు సంవత్సరం అంకె మర్చిపోతారు గానీ దానికి ముడివేసుకున్న సంగతి మర్చిపోరు. కొత్త పైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయింది 1969లో. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టింది, ఆవేళ గర్భిణుల్ని గదిలోంచి కదలనివ్వలేదు, మీ ఇంట్లో అప్పుడు ఎవరు కడుపుతో ఉన్నారో కనుక్కోండి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11. ఆ రాత్రి అమ్మ ఎక్కడ కూర్చున్నారు, ఎవర్ని ఒళ్లో పెట్టుకున్నారు, దీపం ఎవరు పట్టుకున్నారు? మనవలకి ఇది గుర్తుంటుంది. వాళ్ల దగ్గర మొదలుపెట్టడానికి తిత్లీ మంచి చోటు.

పిన్నిగారి దగ్గరికి మాత్రం ఆలస్యం చెయ్యకండి. సంక్రాంతికి వెళ్దాంలే అనుకోవద్దు, ఈ వారమే వెళ్లండి. "అక్క ఎలా ఉండేది పిన్నీ?" అని అడిగితే "బంగారంలాంటి మనిషి" అని కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో అయిపోతుంది. చిన్న చిన్నవి అడగండి. ఒకే మంచం మీద పడుకునేవారా? గాజులు ఎవరు వేసేవారు? బడి ఎందుకు మానేసింది, ఏ తరగతిలో? అత్తారింటికి వెళ్లేటప్పుడు చిన్న రైలెక్కి వెళ్లిందా, ఏ చీర కట్టుకుంది, పెట్టెలో ఏం పెట్టారు? నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో పడ్డ రైలు అది, 1931కి గుణుపురం దాకా వెళ్లింది. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచేది. టెక్కలి మీదుగానే వచ్చేది కాబట్టి మీ అమ్మగారి పుట్టింటినీ అత్తింటినీ కలిపింది ఆ బండే. ఫోన్లో రికార్డు పెట్టి పక్కన ఉంచండి, చేత్తో పట్టుకుని మొహం ముందు పెట్టకండి, పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. ఏదైనా పని చేయిస్తూ అడిగితే ఇంకా మంచిది. చిక్కుళ్లు ఈనె తీస్తూ చెప్పినన్ని కబుర్లు కుర్చీలో కూర్చోబెడితే రావు.

మీ పర్లాకిమిడి ఇంటి పక్కన ఒడియా వాళ్లుంటే వాళ్లనీ అడగండి. వచ్చేది మార్గశిరం. లక్ష్మీవారాల నోము మనకీ ఉంది, వాళ్లకీ మాణబసా గురువారాలున్నాయి. మన ముగ్గు పొడిపిండితో వేస్తాం. వాళ్ల ఝోటి తడిబియ్యం రుబ్బిన పిండితో వేస్తారు, వేలి కొసలతో లక్ష్మి పాదాలు దించుతారు. సరిహద్దు ఊళ్లలో కోడళ్లు ఒకరి దగ్గర ఒకరు ఇవి నేర్చుకున్నవాళ్లే. మీ అమ్మగారి గుమ్మంలో ఏది ఉండేది, ఎవరు నేర్పారు? పక్కింటావిడకి తెలిసిన అమ్మ, కొడుకులకి తెలిసిన అమ్మ ఒకరే కానక్కర్లేదు. ఆ అమ్మని కూడా పుస్తకంలోకి తెచ్చుకోండి.

ఇప్పుడు మీ గుండెలో ముల్లులా గుచ్చుకున్న సంగతికి వస్తాను.

"ఎవరింటి పిల్లవమ్మా? అన్నం తిన్నావేటి?" అని అడిగేదని రాశారు. మీ చెవికి మొదటి ముక్కే వినబడి, అక్కడే ప్రాణం చివుక్కుమని ఉంటుంది. అవ్వదా మరి, కన్నతల్లి కదా. కానీ ఆ మరుపు జబ్బులో ఇటీవలి సంగతులు ముందు పోతాయి, చిన్ననాటివి చివరిదాకా నిలుస్తాయి. ఆవిడ చాలావరకు టెక్కలి వీధిలో ఉండి ఉంటారు. ఆ వీధిలో గుమ్మంలోకి వచ్చిన ఆడపిల్లని అడిగే మొదటి మాట "ఎవరింటి పిల్లవి" అనే. అది తోసిపారేసే మాట కాదు, లోపలికి రమ్మనే మాట. వెంటనే రెండో ప్రశ్న అన్నం గురించి. మీ పేరు పోయింది, మీ మొహం పోయింది, ఎదురుగా ఉన్న పిల్ల ఆకలితో ఉండకూడదన్నది మాత్రం పోలేదు. ఆ రెండేళ్లలో ఆవిడ మిమ్మల్ని ఎన్నిసార్లు అలా అడిగారో అన్నిసార్లూ మీకు అన్నం పెట్టబోయారు. నేను ఓదార్చడానికి అనట్లేదు, మీరు రాసిన వాక్యంలోనే ఉంది అది.

కాబట్టి అది రాయాలి. అన్నయ్యగారు ఎందుకు వద్దంటున్నారో కూడా నాకు తెలుసు. ఆ రెండేళ్లూ చూసినవాడు ఆయన. నలుగురూ అమ్మని ఆ రూపంలో తలుచుకోకూడదని ఆయన బెంగ, అందులో తప్పులేదు. మీరిద్దరూ కూర్చుని కొలత మాట్లాడుకోండి. సుమారు తొంభై ఏళ్లలో అవి రెండేళ్లు. పదహారు పేజీల పుస్తకమైతే వాటికి పావు పేజీ సరిపోతుంది. ఆ ప్రశ్న, దానికి మీరు చెప్పిన జవాబు, అంతే. మందులూ ఆసుపత్రీ వద్దు. మిగతా పేజీలు రాయడం మొదలయ్యాక చివరి రెండేళ్లు మీ కళ్ల ముందు నుంచి కొంచెం పక్కకి జరుగుతాయి. పూర్తిగా పోవు. నాకు మా అమ్మ మంచంలో ఉన్న రూపం తగ్గి, వడియాలు పెడుతున్న అమ్మ కనబడటానికి రెండేళ్లు పట్టింది.

కోపం విషయంలో నేను మీ పక్షం. భర్త పోయాక ముప్ఫై ఏళ్లు ఇల్లు నడిపిన ఆడదానికి కోపం ఉండదా? అది తీసేస్తే మిగిలేది క్యాలెండరు బొమ్మ. అయితే "అమ్మకి కోపం ఎక్కువ" అని ఊరికే రాయకండి, అది చాడీలా ఉంటుంది. ఒక రోజు జరిగింది రాయండి. ఎవరి మీద వచ్చింది, దేనికి, ఏం విసిరికొట్టింది, ఎంతసేపు మాట్లాడలేదు, చివరికి ఎలా పలకరించింది. నోటితో "రా" అనకుండా కంచం పెట్టి గిన్నె చప్పుడు చేసే అమ్మలుంటారు, మీ ఇంట్లో ఎలాగో మీకే తెలుసు. బతికున్నవాళ్లని నొప్పించే సంగతులు, బంగారం ఎవరికి వెళ్లిందీ, ఏ కోడలితో ఏ మాటొచ్చిందీ, అవి అచ్చులో వద్దు. మీ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

మనవలు చదవలేరన్నారు. నిజమే, మన సరిహద్దు ఇళ్లన్నింటిలోనూ ఉన్న గోడు ఇది. తెలుగుని ఒడియా అక్షరాల్లో వేస్తే సరిపోతుందని కొందరంటారు. కొంతవరకే సరిపోతుంది. ఒడియాలో "ఎ"కి "ఏ"కి వేరే అక్షరాలు లేవు, "ఒ"కి "ఓ"కి లేవు. "అ" రాస్తే వాళ్లు "ఒ" అని పలుకుతారు. "అమ్మ" అని మన లెక్కన రాస్తే పిల్లవాడు "ఒమ్మొ" అని చదువుతాడు! అందుకని గొంతు ముఖ్యం. మీరు రాసింది మీరే ఫోన్లో చదివి ఏడుగురికీ పంపండి. మాట్లాడటం వచ్చినవాళ్లకి వినడం వస్తుంది. వాళ్లని కూడా తలా ఒక నిమిషం మాట్లాడమనండి, తెలుగో ఒడియానో ఏదైనా సరే. "మామ్మంటే చాలా ఇష్టం" అని కాదు. మామ్మ తిట్టిన తిట్టు ఒకటి, తినిపించింది ఒకటి, అమ్మకి చెప్పొద్దని చేతిలో పెట్టింది ఒకటి. ఏడుగురివీ కలిపితే ఏడు నిమిషాలు. సంవత్సరీకం నాడు భోజనాల ముందు ఉపన్యాసం బదులు అవి వినిపించండి. మీ పుస్తకం కన్నా అవే ఎక్కువ కాలం నిలుస్తాయేమో. అట్ట మీద దండ వేసిన ఫోటో కాకుండా పాల లెక్కల పేజీ ఒకటి ఫోటో తీసి వేయించండి. ఆవిడ చేతిరాత చూస్తే, చదవడం రాని మనవడు కూడా వేలితో తడిమి చూస్తాడు.

ఇక దువ్వెన. పర్లాకిమిడి కొమ్ముపనికి పేరున్న ఊరు, అది మీ ఊరి చేతి వస్తువు అయ్యుంటుంది, పడేయకండి. వేడినీళ్లలో వేసి కడగొద్దు, కొమ్ము వేడికి మెత్తబడి వంగిపోతుంది. పొడిబట్టతో పళ్ల మధ్య మెల్లగా తుడిచి, కొబ్బరినూనె చుక్క రాయండి. కొమ్ముకి పురుగు పడుతుంది, అందుకని గుడ్డలో చుట్టి ఎండిన వేపాకు వేసి పెట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి చూడండి. వదినగారి మాటని తీసిపారేయొద్దు. ఆ ఇంట్లో దీపం పెట్టేది ఆవిడ, ఆవిడకి మనసులో శంక ఉండకూడదు. దువ్వెన మీరు రాయగడ తీసుకెళ్లిపోండి. వెంట్రుకలు తియ్యాలని మీ చేతికి ఎప్పుడు అనిపిస్తే అప్పుడు తీసి, మీ ఊరి మహేంద్రతనయ నది నీళ్లలో వదలండి. అనిపించకపోతే, ఉండనివ్వండి.